అనసూయ గారిని వెతుక్కుంటూ

మేం బయల్దేరింది నరసాపురానికి. అక్కడి రేవు, లేసు అల్లే ఆడవాళ్లు, పంటు మీద గోదావరి దాటడం, ఇవన్నీ చూసొచ్చి తీరిగ్గా రాద్దామనుకున్నాను. వెళ్లనివాళ్ల కోసం రాసేటప్పుడు చూడని ఊరి గురించి రాయకూడదు కాబట్టి ముందే చెబుతున్నాను. నరసాపురం నేను చూడలేదు. పాలకొల్లు నుంచి ఆ దారి పట్టనే లేదు. ఆ రెండు రోజుల్లో మేం తిరిగిన ఊళ్లు వేరు, తిరిగిన కారణం వేరు.

మా అక్క భర్త సూర్యారావు గారు బ్యాంకులో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యారు. ఆ బ్యాంకులో పనిచేసి మానుకున్నవాళ్లకు గోదావరి జిల్లాల్లో ఒక సంఘం ఉంది. ఏడాదికోసారి ఏదో ఒక ఊళ్లో కలుస్తారు. ఈసారి నరసాపురం. కలిసినప్పుడు చెప్పుకునే పాత కబుర్లన్నీ చిన్న పుస్తకంగా వేయాలని వాళ్ల కోరిక. పత్రికలో పనిచేసి ఇంట్లో కూర్చున్న బావమరిది ఉండగా ఇంకొకరెందుకని బావగారి లెక్క.

"నీకు పని లేదు, నాకు తోడు లేదు. పదవోయ్," అన్నారు.

రావులపాలెం

రాజమండ్రిలో పొద్దున్నే బావగారి కార్లో బయల్దేరాం. జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. రావులపాలెంలో అరటి మార్కెట్టు చూడాలన్నాను. సైకిళ్లకు రెండు పక్కలా గెలలు వేలాడదీసి తోసుకొస్తున్నారు. లారీకి ఎత్తేవాళ్లు ఒక్కో గెలనూ పసిపిల్లను అందించినట్టు చేతులు మార్చుకుంటున్నారు. రోడ్డు పక్కన ఒకామె చక్కెరకేళి డజను డెబ్బై చెప్పింది. రాజమండ్రిలో మా వీధిలోనూ అంతే. పండే ఊళ్లో కూడా అదే ధరేమిటని అడిగాను.

"ఇక్కడైతే తోట కూడా చూత్తారు కదండీ. దానికి ఏరే డబ్బులు అడగట్లేదు, సంతోషించండి," అంది.

బావగారు పళ్లను బొటనవేలితో ఒక్కొక్కటే నోటు జరిపినట్టు జరిపి లెక్కచూసుకున్నారు. ఆమె నవ్వి నాతో అంది, "ఈ బాబుగారిది బేంకాండీ?"

పక్కనే ఉన్న హోటల్లో పెసరట్టు ఉప్మా చెప్పాం. అల్లం పచ్చడి ఘాటుగా, మా వైపుకన్నా బెల్లం తక్కువగా ఉంది. ప్లేటు ముందుకు రాగానే బావగారి ఫోను మోగింది. తెర మీద 'సెక్రటరీ' అని పడింది. బావగారు చూసి ఫోను బోర్లించారు. అది ఆగి మళ్లీ మోగింది.

"ఎత్తరేం?"

"తిననీవోయ్. సెక్రటరీ చేశాడంటే మనవాళ్లలో ఎవరో పోయారని. తిన్నాక బాధపడదాం."

సెక్రటరీ అంటే పాలకొల్లులో ఉండే వెంకటరత్నం గారు. సంఘం మొదలైన కొత్తలో ఆయన ఫోను చేస్తే పింఛను కబుర్లు, పెళ్లి పిలుపులు చెప్పేవారట. రానురాను ఆయన దగ్గర ఒకటే రకం వార్త మిగిలింది. ఎవరు పోయారు, ఎక్కడ, ఎన్ని గంటలకు తీస్తారు. ఆయన పేరు కనబడగానే అందరికీ గుండె ఝల్లుమనేది. హలో అనడం మానేసి "ఎవరండీ?" అనే అడిగేవారు. తర్వాత ఎత్తడమే మానేశారు. ఎలాగూ కాసేపటికి ఆయన ఫొటోతో సహా వాట్సాప్ గ్రూపులో పెడతారు. చూసి అందరూ 'ఓం శాంతి' అని కొట్టి దండం బొమ్మ పెడతారు.

"భయమోయ్," అన్నారు బావగారు పెసరట్టు తుంచుతూ. "ఆయన నోటితో వింటే మన పేరు కూడా ఆ నోట్లో ఉన్నట్టు ఉంటుంది."

కాఫీ తాగుతుండగా గ్రూపులో ఫొటో వచ్చింది. బావగారు కళ్లజోడు కార్లో మరిచిపోయారు. ఫోనును చేతిదూరంలో పట్టుకుని చూశారు. ముఖం పాలిపోయింది.

"అయ్యో. అనసూయ గారోయ్. సెక్రటరీ భార్య. ఆవిడా మా బ్యాంకే." అప్పటికే కింద చాలామంది ఓం శాంతి పెట్టేశారు. బావగారూ పెట్టారు. పాలకొల్లు దారిలోనే ఉంది కాబట్టి చూసి వెళ్దామన్నారు. పెనుగొండలో కారు ఆపి చామంతి దండ కొన్నారు. మామూలు రోజైతే ఆయన ధర తగ్గించమంటారు. ఆ రోజు అడగలేదు.

పాలకొల్లు

ఆ వీధిలోకి తిరగగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. చావు వార్తలకు చాలా ఇళ్లకు వెళ్లాను. వాకిట్లో షామియానా ఉంటుంది, లేకపోతే అద్దెకుర్చీలైనా ఉంటాయి. ఇక్కడ ఏమీ లేవు. గుమ్మం తలుపు బార్లా తెరిచి ఉంది. అరుగు మీద పాల ప్యాకెట్టు ఎండలో పడి ఉంది.

బావగారు దండ పట్టుకుని గేటు తీశారు. లోపల్నుంచి ఒక పొడుగాటి మనిషి పరుగులాంటి నడకతో వచ్చారు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. ఆయన చూపు ముందు బావగారి ముఖం మీద, తర్వాత దండ మీద పడింది. గేటు కమ్మీ పట్టుకుని ఆగిపోయారు.

"ఎక్కడ దొరికిందండీ?" అని అడిగారు. "కాలవలోనా?"

బావగారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. బావగారి చేతిలోంచి దండ లాక్కుని వెనక్కి దాచి, "మాకేం తెలియదండీ, మేం ఇప్పుడే రాజమండ్రి నుంచి వస్తున్నాం," అన్నాను.

వెంకటరత్నం గారు అరుగు మీద కూలబడి ఫోను మా ముందు పెట్టారు. ఫొటో కింద ఆయన రాసింది ఇది. 'నా భార్య అనసూయ తెల్లవారుజాము నుంచి కనిపించడం లేదు. మతిమరుపు ఉంది. మీ ఊళ్లో బస్టాండులో దయచేసి చూడండి.' దాని కింద వరసగా ఓం శాంతి, ఓం శాంతి, దండం బొమ్మలు. ఒకాయన 'ఎన్ని గంటలకు తీస్తారు?' అని అడిగారు. బావగారిదీ ఆ వరసలోనే ఉంది.

"ఊరికొకరు ఉన్నారు కదండీ మనవాళ్లు," అన్నారు వెంకటరత్నం గారు. కోపం లేదు ఆ గొంతులో. "తణుకులో, భీమవరంలో, తాడేపల్లిగూడెంలో. బస్సు దిగేలోపు పట్టుకోవచ్చని చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఇదిగో, ఇది చూశాక నాకే అనుమానం వచ్చింది. నాకు తెలియనిది వీళ్లకేమైనా తెలిసిందేమోనని."

బావగారు ఆయన పక్కన కూర్చున్నారు. ఆయన చొక్కా బొత్తాలు విప్పి మళ్లీ సరిగ్గా పెట్టారు. వెంకటరత్నం గారు పెట్టించుకున్నారు.

అనసూయ గారికి రెండేళ్లుగా మరుపు. ఉద్యోగం మానేసిన సంగతే గుర్తుండదు. పొద్దున్నే గంజి పెట్టిన చీర కట్టుకుని బ్యాంకుకు బయల్దేరతారు. ఈయన ఇవాళ సెలవని చెప్పి కూర్చోబెడతారు. పాలు తీసుకోవడానికి వెళ్లి వచ్చేలోపు ఈసారి వెళ్లిపోయారు. షుగరు మాత్రలు మూడుపూటలా పడాలి. పోలీసు స్టేషన్లో ఫొటో ఇచ్చారు, చూస్తామన్నారు.

పక్కింటావిడ దిబ్బరొట్టి, పానకం తెచ్చి పెట్టింది. అరచేయంత మందాన, పైన ఎర్రగా కాలిన మినప రొట్టె. పాలకొల్లు వచ్చినవాళ్లు తినకుండా వెళ్లకూడదంటారు. ముగ్గురం ముట్టుకోలేదు.

బస్టాండులో ఒక కండక్టరు ఫొటో గుర్తుపట్టాడు. "మొదటి ట్రిప్పులో భీమవరం ఎక్కారండి. ఆధార్ జిరాక్సు చూపించారు. ఆడాళ్లకి టిక్కెట్టు లేదు కదండీ ఇప్పుడు. నీటుగా ఉన్నారు, టీచరు గారేమో అనుకున్నాను."

"జిరాక్సు నేనే పెట్టానండి ఆవిడ సంచీలో," అన్నారు వెంకటరత్నం గారు. "తప్పిపోతే ఎవరైనా చూసి ఇంటికి చేరుస్తారని."

భీమవరం

వీరవాసరం మీదుగా భీమవరం దారిలో రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. ఒక పక్క కాలవ, ఇంకో పక్క రొయ్యల చెరువులు. చెరువుల్లో గాలి చక్రాలు తిరుగుతూ నురగ లేపుతున్నాయి. ఈ దారిన ఎన్నోసార్లు వెళ్లాను, పచ్చదనం చూసి సంతోషించాను. ఆ రోజు ముందు సీట్లో ఆ మనిషిని కూర్చోబెట్టుకుని వెళుతుంటే ప్రతి గట్టూ జారుడుగానే కనిపించింది. ఆయన కాలవ వైపు చూడకుండా రోడ్డు మధ్య గీతనే చూస్తూ కూర్చున్నారు. వెనక సీటు కింద చామంతి దండ వాసన వేస్తోంది. దాన్ని పారేయడానికి నాకు చెయ్యి రాలేదు.

భీమవరంలో అనసూయ గారు చాలాకాలం పనిచేశారు. బ్రాంచి ఇప్పుడు కొత్త బిల్డింగులోకి మారింది. పాత చోట చెరువులకు గాలి యంత్రాలు అమ్మే దుకాణం ఉంది. బావగారు దారిలో ఫోను చేసి చెబితే అక్కడ మా కోసం సుబ్బరాజు గారు ఎదురుచూస్తున్నారు. బావగారి వయసువారే, బ్యాంకులో ఫీల్డాఫీసరుగా చేసి ఇప్పుడు ఐసు వ్యాపారంలో ఉన్నారు. వెంకటరత్నం గారిని చూడగానే రెండు చేతులూ పట్టుకున్నారు.

"నేనూ పెట్టేశానండి ఆ మెసేజీ. చదవలేదు. వేళ్లు అలవాటైపోయాయండి."

"దాన్దేముంది రాజు గారూ. అందరూ పెట్టారు."

"మీరు ఫోను చేసినప్పుడు నేను బస్టాండు ఎదురుగా టీ తాగుతున్నానండి," అన్నారు సుబ్బరాజు గారు, ఆ మాట చెప్పకుండా ఉండలేనట్టు.

దుకాణం అతను ఫొటో చూసి తల ఊపాడు. పొద్దున్నే షట్టరు తీయకముందే ఒక పెద్దావిడ వచ్చి మెట్టు మీద నిలబడిందట. "లోపలికి చూసి, 'ఇది కాదు' అన్నారండి. ఏది కాదండీ అంటే మాట్లాడకుండా వెళ్లిపోయారు. నేను సామాను దించుకుంటున్నాను, పట్టించుకోలేదు."

మధ్యాహ్నమంతా తిరిగాం. గుళ్లు, ఆసుపత్రులు, మార్కెట్టు. ఎవరిని అడిగినా ముందు అనసూయ గారు ఏ ఇంటివారని అడిగి, ఆ తర్వాత జాలిపడి, చివరకు కాలవగట్లు చూశారా అనేవారు. చెడు ఉద్దేశంతో కాదు. ఇక్కడ మనిషి కనబడకపోతే ముందు నీళ్లలో వెతుకుతారు.

ఎండ పడిపోతుండగా పోలీసు స్టేషన్ నుంచి సుబ్బరాజు గారికి ఫోను వచ్చింది. కాలవకి నీళ్లు ఆపే లాకుల దగ్గర ఒక ఆడమనిషి శవం తేలింది, పెద్దవయసు, వచ్చి చూసుకోండని.

లాకుల దగ్గర

కారు ఆగినా వెంకటరత్నం గారు దిగలేదు. దిగలేకపోయారు.

"మీరు చూసి రండి," అన్నారు నాతో. "కుడిచేతి బొటనవేలు చూడండి. నోట్లు లెక్కపెట్టి రేఖలు అరిగిపోయాయండి. ఆధార్‌కి వేలిముద్ర పడేది కాదు."

నేను పత్రికలో ఉండగా ఇలాంటివి చూశాను. గుర్తు తెలియని మహిళ మృతదేహం అని చిన్న హెడ్డింగు పెట్టి నాలుగు లైన్లు ఇచ్చేవాళ్లం. పేజీలో చోటు చాలకపోతే ముందు తీసేసేదీ అదే. గట్టు దిగి వెళ్లాను. గుడ్డ తీయమన్నాను. కానిస్టేబుల్ తీశాడు.

ముఖం చూసి చెప్పగలిగేట్టు లేదు. చెయ్యి చూశాను. అరచెయ్యి నిండా కాయలు. బొటనవేలి పక్కన కొడవలి తెగిన పాత గీత. చేతికి ఆకుపచ్చ మట్టిగాజులు. కోతలకు వెళ్లే చెయ్యి అది. అనసూయ గారిది కాదు.

నా లోపల ఏదో ఒక్కసారిగా తేలికపడింది. వెంటనే సిగ్గేసింది. ఈవిడ కోసం కూడా ఎక్కడో ఎవరో బస్టాండ్లలో అడుగుతూ ఉండాలి కదా. లేకపోతే ఎవరూ అడగడం లేదేమో.

గట్టెక్కి తల అడ్డంగా ఊపాను. వెంకటరత్నం గారు కార్లోనే రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. బావగారు వెనక సీటు కింది దండ తీసుకుని కిందికి దిగి, ఆ గుడ్డ మీద పెట్టారు.

కానిస్టేబుల్ వింతగా చూశాడు. "మీ మనిషి కాదన్నారు కదండీ?"

"కాదండి."

"మరి దండ?"

"తెచ్చేశాం కదండీ," అన్నారు బావగారు.

సుబ్బరాజు గారి ఇల్లు

ఆ పూట వాళ్లింట్లోనే ఉన్నాం. కొరమేను పులుసు వండారు. రాజులు ఇంటికొచ్చినవాళ్లకు పెట్టే తీరు మా ఇళ్లలో ఉండదు. అడగరు, ఆగరు, వడ్డిస్తూనే ఉంటారు. ఆ రోజు మాత్రం సుబ్బరాజు గారి భార్య ఒకసారి వడ్డించి, వెంకటరత్నం గారి ముఖం చూసి గరిటె పక్కన పెట్టేశారు.

అప్పటికి గ్రూపులో నిజం తెలిసింది. ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున ఎత్తనివాళ్లే ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు చేశారు. ఆయన అన్నీ ఎత్తారు. "లేదండి. ఇంకా దొరకలేదండి. పర్వాలేదండి." ప్రతివారూ తమకు తెలిసిన అనసూయ గారి గురించి చెప్పారు. చిరిగిన నోటును వేలితోనే పట్టేసేవారని ఒకరు, లెక్క తేడా వస్తే పాట పాడుకునేవారని ఇంకొకరు. ఎవరి కథ విన్నా ఆవిడ వాళ్ల బ్రాంచిలోనే జీవితమంతా గడిపారనిపించింది. ఎక్కడికి వెళ్లి ఉంటారో చెప్పగలిగినవాళ్లు లేరు.

"ఎంతమందికి చావు కబురు రాశానో నేను," అన్నారు వెంకటరత్నం గారు ఫోను పక్కన పెట్టి. "పేరు, చేసిన బ్రాంచీలు, రిటైరైన సంవత్సరం. కార్లో కూర్చుంటే నా బుర్ర దానంతటదే ఆవిడకి రాసేస్తోందండి. ఆపుదామంటే ఆగట్లేదు."

సుబ్బరాజు గారు లేచి టీవీ కట్టేశారు.

తెల్లవారుతుండగా పెద్దాపురం నుంచి లలిత గారు చేశారు. అనసూయ గారితో ఒకేసారి ఉద్యోగంలో చేరినావిడ. ముందురోజు ఫోను చూడలేదట. ఆ గ్రూపు మొత్తంలో ఓం శాంతి పెట్టకుండా కబురు పూర్తిగా చదివి ఫోను చేసింది ఈవిడొక్కరే.

"అన్నయ్యగారూ, ఇంట్లో తాళంచెవులన్నీ ఉన్నాయా?"

వెంకటరత్నం గారు తడబడ్డారు. "బీరువాది కనబడలేదమ్మా. నేనే ఎక్కడో పెట్టాననుకున్నాను."

"అయితే అనసూయ అది పట్టుకుని వెళ్లింది. భీమవరంలో దాని చేతికి తాళాలు ఎప్పుడూ రాలేదండి, అక్కడ కౌంటరే. హెడ్ క్యాషియరుగా మొదట తాళం చేతికొచ్చింది జంగారెడ్డిగూడెంలో. అక్కడ వెతకండి."

బ్యాంకు వాళ్లు కానివారికి ఇది చెప్పాలి. డబ్బుండే సేఫుకు రెండు తాళాలు. ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర. రెండూ పడితేనే తెరుచుకుంటుంది. అందుకని తాళం ఉన్న మనిషి జ్వరమొచ్చినా పెళ్లున్నా ఇంకొకరికి పద్ధతి ప్రకారం అప్పగించకుండా కదలకూడదు. జంగారెడ్డిగూడెంలో ఒకసారి పొగాకు డబ్బు పంచాల్సిన రోజున మేనేజరు రాలేదట. స్కూటరు మీంచి పడి ఎక్కడో ఆసుపత్రిలో ఉన్నారు. బయట రైతులు కేకలు. అనసూయ గారు తాళం చేత్తో పట్టుకుని సేఫు ముందు అలాగే కూర్చున్నారట. లేవాల్సి వస్తుందని మంచినీళ్లు కూడా తాగలేదు.

"ఎవరో ఒకరు వచ్చేదాకా కూర్చుంటుందండి," అన్నారు లలిత గారు. "మాత్రలు వేసుకోదు. తొందరగా వెళ్లండి."

జంగారెడ్డిగూడెం

కాఫీ కూడా తాగకుండా ముగ్గురం బయల్దేరాం. ఊరు దాటకముందే కాలవ వంతెన మీద ఐసు లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయింది. టైరు పగిలింది. వెంకటరత్నం గారు దిగి వెళ్లి తోస్తానన్నారు. నిండు లారీని. డ్రైవరు నవ్వబోయి ఆయన ముఖం చూసి, "అయిపోయిందండి బాబూ, రెండు నిమిషాలండి," అన్నాడు. ఆ రెండు నిమిషాలు చాలాసేపు పట్టాయి.

తాడేపల్లిగూడెం దాటాక నేల ఎర్రబడింది. కాలవలు అయిపోయాయి. పామాయిలు తోటలు, జీడిమామిడి, మధ్యలో పొగాకు. డెల్టాలో ఊరూ ఊరూ ఆనుకుని ఉంటాయి. ఇక్కడ ఇల్లు కనబడకుండా చాలాదూరం వెళ్లొచ్చు. నీళ్ల భయం పోయి ఇంకో భయం పట్టుకుంది. ఈ ఎండలో, ఈ తోటల్లో ఒక మనిషి కూలబడితే ఎవరు చూస్తారు? దారిలో అక్కడి పోలీసులకు ఫోను చేశాం. బ్యాంకు దగ్గర చూశామని, ఎవరూ లేరని చెప్పారు.

వాళ్లు చూసింది ఇప్పటి బ్యాంకు. మేం వెళ్లేసరికి అప్పుడే తలుపులు తీస్తున్నారు. మేనేజరమ్మాయికి పాత బిల్డింగు ఎక్కడో తెలియదు. వరండాలో కూర్చున్న ఒక పెద్దరైతు చెప్పాడు. "పాత బేంకాండీ? పొగాకు గొడౌను సందు. ఇప్పుడది జీడిపప్పు కొట్టు."

సందు మొదట్లో కారు వదిలి నడిచాం. వెంకటరత్నం గారు అందరికన్నా ముందు వెళ్లారు. వేయించిన జీడిపప్పు వాసన వస్తోంది. కొట్టు ముందు బల్ల మీద, గంజి నలిగిన చీరలో, వీపు నిటారుగా పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉన్నారు. పెదవులు ఎండిపోయాయి. కుడి పిడికిలి ఒళ్లో బిగించి ఉంది.

కొట్టు నడిపే మంగ అనే ఆవిడ లేచి వచ్చింది. "మీ మనిషాండీ? నిన్న సందేళ వచ్చారండి. ఇంటికి రమ్మంటే రారు, పేరడిగితే చెప్పరు. వదిలేసి ఎల్లలేక నేనూ కొట్లోనే పడుకున్నానండి. ఉప్మా చేసి పెడితే తినలేదు. మంచినీళ్లు కూడా ముట్టలేదండి. పోలీసోళ్లకి చెబుదామంటే పిడికిలి బిగించేసి వొణికిపోయారు."

వెంకటరత్నం గారు బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. "అనసూయా. నేనే. ఇంటికి పోదాం రా."

ఆవిడ బల్ల చివరకు జరిగిపోయారు. "ఎవరండీ మీరు? మేనేజరు గారు రాందే సేఫు తెరవం. బయట కూర్చోండి."

ఆయన చెయ్యి చాపారు. ఆవిడ పిడికిలిని గుండెకు అదుముకుని భయంగా మంగ వైపు చూశారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. లేచి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. ముందురోజు లాకుల దగ్గర కూడా ఆయన ముఖం అలా లేదు.

అప్పుడు బావగారు చొక్కా సర్దుకుని ముందుకు వచ్చారు. ఆయన గొంతు మారింది. అది మా అక్క భర్త గొంతు కాదు.

"నమస్కారం అనసూయ గారూ. రీజినల్ ఆఫీసు నుంచి వచ్చాను. మేనేజరు గారు సెలవు. మీకు రిలీవరు వచ్చారు. చార్జి ఇచ్చేయండి."

ఆవిడ పైనుంచి కిందిదాకా చూశారు. "ఆర్డరుందాండీ?"

"ఫోనులో చెప్పారండి."

"ఫోను మాట మీద తాళం ఇవ్వరండి. మీకు తెలియందేముంది?"

బావగారు నా జేబులోంచి పెన్ను తీసుకున్నారు. మంగ ఇచ్చిన జీడిపప్పు కవరు మీద నిలబడే రాశారు, అనసూయ గారిని ఈ ఉదయం నుంచి రిలీవ్ చేయడమైనదని. కింద పొడుగాటి సంతకం పెట్టారు. రిటైరయ్యాక ఆయన అలా సంతకం పెట్టడం నేను చూడలేదు. ఆవిడ రెండుసార్లు చదివారు. మడిచి సంచీలో పెట్టుకున్నారు.

"ఎవరికివ్వాలండీ?"

"వెంకటరత్నం గారికి."

ఆయన గోడ దగ్గర్నుంచి వచ్చి నిలబడ్డారు. ఆవిడ ఆయన్ని పరీక్షగా చూశారు. "ఇదివరకు తాళం పట్టారాండీ?"

"లేదండి."

"తడిచేత్తో ముట్టుకోకండి. ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకండి. రెండో తాళం రానిదే కదలకండి."

"అలాగేనండి."

పిడికిలి మెల్లగా తెరుచుకుంది. అరచేతిలో బీరువా తాళంచెవి అచ్చు ఎర్రగా దిగి ఉంది. ఆయన రెండు చేతులూ చాపి అందుకున్నారు. ఆవిడ పెద్దగా ఊపిరి వదిలి, మంగతో, "కాసిని మంచినీళ్లు ఇస్తారా అమ్మా," అన్నారు.

చెంబు నీళ్లు తాగి, ఉప్మా తిన్నారు. మాత్రలు వేసుకున్నారు. మంగ డబ్బు తీసుకోలేదు. పైగా జీడిపప్పు పొట్లం ఒకటి అనసూయ గారి ఒళ్లో పెట్టింది. కొట్టులో కిలో తొమ్మిది వందలని బోర్డుంది.

కార్లో వెంకటరత్నం గారు ఆవిడ పక్కనే కూర్చున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దూరం వదిలి. ఎర్రనేల మీద కొంతదూరం వచ్చాక ఆవిడ ఆయన వైపు తిరిగారు.

"మా ఆయనకి చెప్పకుండా వచ్చేశానండి. మీకు తెలుసా ఆయన?"

"తెలుసండి."

"ఒట్టి భయస్తులు. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, వీధి చివరికొచ్చి నిలబడిపోతారు."

వెంకటరత్నం గారు తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

"అక్కడే నిలబడి ఉన్నారండి," అన్నారు. "వెళ్లిపోదాం."